మీ వెబ్‌సైటు పేరు చేయి దాటిపోకుండా కాపాడుకోవడం ఎలా?

హన్మకొండ, కరీంనగర్, జమ్మికుంట, ములుగు వైపు దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, ఆస్పత్రులు నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటే: "మా డొమైన్‌ను, అంటే వెబ్‌సైటు పేరును, ఎవరైనా కొట్టేయగలరా?" కొట్టేయగలరు. అందుకు పెద్ద హ్యాకరే అక్కర్లేదు. డొమైన్ ఏ ఈమెయిల్ మీద ఉందో ఆ మెయిల్ చేతికి చిక్కితే చాలు. కొత్తవాడ దరీలు అమ్మే సైటైనా, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కమీషన్ వ్యాపారం సైటైనా లెక్క ఇదే.

మా వైపు ఎక్కువగా జరిగేది ఇంకొకటి ఉంది. సైటు చేసిన కుర్రాడు డొమైన్‌ను తన మెయిల్‌తో, తన అకౌంట్‌లో కొంటాడు. రెండేళ్ల తర్వాత ఆయన హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్తాడు, నంబరు మారుతుంది. ఎవరూ దొంగతనం చేయలేదు, అయినా పేరు మీ చేతిలో లేదు. పొలం మీరు దున్నుతున్నా పట్టా ఇంకొకరి పేరు మీద ఉన్నట్టే ఇది.

అందుకే కింది వరుస మార్చకండి. ముందు పేరు, తర్వాత మెయిల్, ఆ తర్వాతే లాక్, అంటే డొమైన్ వేరే కంపెనీకి పోకుండా వేసే తాళం. డొమైన్ ఇప్పటికే మీ అకౌంట్‌లో ఉంటే మొత్తం ఒక పూట పని. వేరేవాళ్ల దగ్గర ఉంటే వారం పది రోజులు పట్టొచ్చు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- డొమైన్ కొన్నప్పటి బిల్లు, రిజిస్ట్రార్ నుంచి వచ్చిన మొదటి మెయిల్. రిజిస్ట్రార్ అంటే మీరు డొమైన్ కొన్న కంపెనీ.
- యజమాని పేరు మీదే ఉన్న సిమ్, యజమాని వాడే ఫోన్.
- ఆ ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్లు చూపించే యాప్) ఒకటి.
- డొమైన్ పనులకే వాడే ఒక కొత్త జీమెయిల్.
- ప్రింటు తీయడానికి రెండు మూడు కాగితాలు, వాటిని దాచే బీరువా.

1. డొమైన్ ఎవరి దగ్గర ఉందో చూడండి

డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ పేర్లైతే ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల నియమాలు చూసే సంస్థ ఐకాన్ వారి లుకప్ పేజీ (డొమైన్ వివరాలు వెతికే పేజీ) తెరవండి. బ్రౌజర్‌లో లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే వస్తుంది. డాట్ ఇన్ పేర్లను నడిపేది నిక్సీ, వాటి వివరాలు రిజిస్ట్రీ డాట్ ఇన్ సైటులో దొరుకుతాయి. అక్కడ మీ డొమైన్ పేరు కొట్టి నాలుగు సంగతులు రాసుకోండి: రిజిస్ట్రార్ ఎవరు, గడువు ఎప్పుడు, స్టేటస్ కింద ఏమేం ఉన్నాయి, నేమ్ సర్వర్లు (పేరు కొడితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే కంప్యూటర్లు) ఏవి. ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. ఇకపై ఏదైనా మారిందా అని పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

యజమాని పేరు అక్కడ కనిపించకపోవచ్చు, ప్రైవసీ కోసం దాచేస్తారు. అసలు పేరు తెలియాలంటే రిజిస్ట్రార్ అకౌంట్‌లోకి వెళ్లి రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) కాంటాక్ట్ చూడాలి. అక్కడ సంస్థ పేరు, మీ మెయిల్, మీ ఫోన్ ఉండాలి. సంస్థ పేరు గడి ఖాళీగా వదిలి డిజైనర్ పేరు రాసి ఉంటే, రేపు గొడవ వచ్చినప్పుడు కాగితం మీద యజమాని ఆయనే అవుతాడు.

ఒక హెచ్చరిక. హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచే చోటు) వేరు, డొమైన్ వేరు. హోస్టింగ్ నడిపే సీప్యానెల్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంటే డొమైన్ మీ దగ్గర ఉన్నట్టు కాదు. ఏటా కడుతున్న బిల్లులో డొమైన్ రెన్యూవల్ అని విడిగా రాసి ఉందో లేదో చూడండి.

2. వేరేవాళ్ల దగ్గర ఉంటే మీ అకౌంట్‌లోకి తెచ్చుకోండి

దీనికి రెండు దారులున్నాయి. సులువైనది పుష్. డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉందో అక్కడే మీ పేరుతో అకౌంట్ తెరవండి. డిజైనర్ తన అకౌంట్ నుంచి మీ అకౌంట్‌కు డొమైన్ పంపుతాడు. కంపెనీ మారదు, నేమ్ సర్వర్లు మారవు కాబట్టి సైటు ఆగదు. చాలా చోట్ల అదే రోజు అయిపోతుంది.

రెండోది ట్రాన్స్‌ఫర్, అంటే కంపెనీయే మార్చడం. దీనికి లాక్ తీయాలి, ఆథ్ కోడ్, అంటే డొమైన్‌ను బయటికి పంపడానికి ఇచ్చే రహస్య కోడ్, తీసుకోవాలి. ఈపీపీ కోడ్ అన్నా అదే. ఆ కోడ్‌ను కొత్త కంపెనీలో ఇవ్వాలి. డాట్ కామ్‌కు ఒక ఏడాది గడువు కలుస్తుంది, దాని డబ్బు అప్పుడే కట్టాలి. కొన్న 60 రోజుల లోపు, లేదా ఒకసారి ట్రాన్స్‌ఫర్ అయిన 60 రోజుల లోపు మళ్లీ మార్చనివ్వరు. యజమాని పేరు, మెయిల్ మార్చినా చాలా కంపెనీలు 60 రోజులు ఆపుతాయి. గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టకండి. ముందు రెన్యూ చేయించి, తర్వాత మార్చండి.

ట్రాన్స్‌ఫర్‌లో అందరూ పడే గుంట ఒకటుంది. పాత కంపెనీ నేమ్ సర్వర్లనే వాడుతూ ఉంటే, డొమైన్ వెళ్లిపోగానే వాళ్లు మీ డీఎన్ఎస్ రికార్డులు, అంటే సైటు, మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే వివరాలు, తీసేయొచ్చు. సైటుతో పాటు మెయిల్ కూడా ఆగిపోతుంది. కాబట్టి మొదలుపెట్టే ముందే రికార్డులన్నీ కాపీ చేసుకోండి. ఎలాగో 7వ మెట్టులో ఉంది.

డిజైనర్‌తో మాట తీరు ముఖ్యం. బాకీ ఉంటే ముందు తీర్చండి. "తమ్మీ, డొమైన్ జర మా అకౌంట్లకు పుష్ చెయ్యవా, సైటు పని ఎప్పటిలెక్కనే నువ్వే చూస్కో" అంటే చాలామంది ఆ సాయంత్రమే చేసేస్తారు. ఆయన ముందు ముందు కూడా పని చేయాలంటే మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. కొన్ని రిజిస్ట్రార్లలో డెలిగేట్ యాక్సెస్ ఉంటుంది. దాంతో డీఎన్ఎస్ మార్చే అనుమతి వరకే ఇవ్వొచ్చు.

డొమైన్ మీ అకౌంట్‌లోకి వచ్చాక రిజిస్ట్రెంట్ పేరు, మెయిల్ మార్చడం మర్చిపోవద్దు. మెయిల్ మార్చగానే ధ్రువీకరణ లింకు వస్తుంది. దాన్ని 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్‌ను నిలిపేస్తారు. డాట్ ఇన్‌కు కేవైసీ అడిగితే సంస్థ పత్రాలే ఇవ్వండి, డిజైనర్ ఆధార్ కాదు.

3. మెయిల్‌ను గట్టి చేయండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. పాస్‌వర్డ్ రీసెట్, ట్రాన్స్‌ఫర్ నోటీసు, ఆథ్ కోడ్, అన్నీ ఈ మెయిల్‌కే వస్తాయి.

బిల్లింగ్ కౌంటర్ కంప్యూటర్‌లో పొద్దంతా తెరిచి ఉండే మెయిల్ దీనికి పనికిరాదు. డొమైన్‌కే విడిగా ఒక జీమెయిల్ పెట్టుకోండి, దాన్ని విజిటింగ్ కార్డు మీద వేయకండి. మీ డొమైన్ మీదే నడిచే మెయిల్, అంటే ఇన్ఫో ఎట్ మీసంస్థ లాంటిది, అస్సలు పెట్టకండి. డొమైన్ పోయిన రోజు ఆ మెయిల్ కూడా దొంగ చేతికే పోతుంది. ఇక రికవరీ మెయిల్ మీకు ఎలా వస్తుంది?

ఆ జీమెయిల్‌లో చేయాల్సినవి:

- టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత రెండో తాళం) ఆన్ చేసి, ఆథెంటికేటర్ యాప్ లేదా పాస్‌కీ (ఫోన్ వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టండి. ఎస్ఎంఎస్ ఓటీపీ ఏమీ లేకపోవడం కన్నా నయం, అంతే. ట్రాఫిక్ చలానా అనో, పథకం డబ్బులనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును ఇన్‌స్టాల్ చేస్తే అది మీ ఎస్ఎంఎస్‌లను దొంగకు పంపేస్తుంది. దొంగ మీ నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకున్నా ఓటీపీ వాడికే వస్తుంది.
- బ్యాకప్ కోడ్లు ప్రింటు తీయండి. గూగుల్ ఒకసారికి 10 ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు. బీరువాలో ట్రేడ్ లైసెన్సు పక్కన పెట్టండి. ఫొటో తీసి గ్యాలరీలో దాచకండి.
- రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ ఎవరివో చూడండి. మానేసిన ఉద్యోగి నంబరు అక్కడ ఉండిపోవడం చాలా సాధారణం. రీఛార్జ్ చేయక మూలపడ్డ నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి వెళ్తుంది, దాన్నీ తీసేయండి.
- సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ పేజీ, ఫిల్టర్ల పేజీ తెరవండి. మెయిల్‌లోకి దూరినవాడు మొదట చేసే పని, రిజిస్ట్రార్ నుంచి వచ్చే మెయిళ్లు ఇన్‌బాక్స్‌కు రాకుండా చెత్తబుట్టకు పోయేలా ఫిల్టర్ పెట్టడం. మీరు పెట్టని ఫిల్టర్ ఒక్కటి కనిపించినా పాస్‌వర్డ్ వెంటనే మార్చి, మిగతా పరికరాలన్నిటినీ సైన్ అవుట్ చేయండి.

గూగుల్ ఆథెంటికేటర్‌లో కోడ్లు గూగుల్ అకౌంట్‌కు సింక్ అయ్యే సౌకర్యం ఉంది. డొమైన్ మెయిల్‌కే సింక్ చేస్తే, ఆ మెయిల్ పోయినప్పుడు రెండో తాళం కూడా పోతుంది. సింక్ ఆపండి, లేదా వేరే అకౌంట్‌కు చేయండి.

ఈ మెయిల్‌ను యజమాని ఫోన్‌లో నోటిఫికేషన్లతో ఉంచండి. రెండేళ్లు తెరవని అకౌంట్‌ను గూగుల్ తీసేయొచ్చు. పక్కన పెట్టి మర్చిపోయే మెయిల్ కాకూడదు ఇది.

4. రిజిస్ట్రార్ అకౌంట్

మెయిల్‌కు వాడిన పాస్‌వర్డ్ ఇక్కడ వాడకండి. 16 అక్షరాలకు తగ్గకుండా కొత్తది పెట్టి, టూ స్టెప్ ఆన్ చేయండి. సపోర్టుకు ఫోన్ చేస్తే అడిగే పిన్ ఉంటే దాన్నీ మార్చండి. అకౌంట్‌లో ఏపీఐ కీలు (వేరే ప్రోగ్రాములు అకౌంట్‌ను వాడుకునే తాళాలు), డెలిగేట్ యూజర్లు ఉన్నారేమో చూసి, గుర్తుపట్టనివి తీసేయండి.

5. లాక్ వేయండి

డొమైన్ సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌ఫర్ లాక్ లేదా డొమైన్ లాక్ అని ఉంటుంది. ఆన్ చేసి అరగంట ఆగి, లుకప్ పేజీలో స్టేటస్ మళ్లీ చూడండి. క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్ అని రావాలి. కొన్ని కంపెనీలు దాంతో పాటు అప్‌డేట్ ప్రొహిబిటెడ్, డిలీట్ ప్రొహిబిటెడ్ కూడా వేస్తాయి. ఉంటే మంచిదే.

ఇక్కడ దాదాపు అందరూ పొరబడతారు. స్టేటస్ దగ్గర ఓకే అనో యాక్టివ్ అనో ఒక్కటే కనిపిస్తే అంతా బాగుందనుకుంటారు. దాని అర్థం ఏ లాకూ లేదని. ప్రొహిబిటెడ్ అన్న మాట కనిపిస్తేనే మీరు సురక్షితం.

ఈ లాక్ ఎంతవరకు కాపాడుతుందో కూడా తెలుసుకోండి. వేరే కంపెనీకి పోకుండా ఆపుతుంది. అదే కంపెనీలో ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు పుష్ చేయడాన్ని చాలా చోట్ల ఆపదు. మీ అకౌంట్‌లోకి వచ్చినవాడు లాక్‌ను ఒక్క క్లిక్కుతో తీయగలడు కూడా. 3, 4 మెట్లు ముందు పూర్తి చేయమనడం అందుకే.

ఆన్‌లైన్ అమ్మకాల మీదే నడిచే సంస్థైతే రిజిస్ట్రీ లాక్ అడగండి. అది వేస్తే స్టేటస్‌లో క్లయింట్ బదులు సర్వర్ అన్న మాటతో మొదలయ్యే ప్రొహిబిటెడ్‌లు వస్తాయి. ఏ మార్పుకైనా మనుషులు ఫోన్ చేసి నిర్ధారించుకుంటారు. ఖర్చు ఎక్కువ, అన్ని కంపెనీల్లోనూ ఉండదు. చిన్న దుకాణానికి అవసరం లేదు.

6. గడువు

గడువు దాటిన పేరును కాజేయడానికి దొంగతనమే అక్కర్లేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఐకాన్ నియమం ప్రకారం రిజిస్ట్రార్ గడువుకు సుమారు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, ముగిశాక ఐదు రోజుల్లో ఒకటి గుర్తుచేస్తూ మెయిల్ పంపాలి. డాట్ కామ్ గడువు దాటాక కొన్ని రోజులు మామూలు ధరకే రెన్యూ చేసుకోవచ్చు, ఎన్ని రోజులన్నది కంపెనీని బట్టి ఉంటుంది. తొలగించాక 30 రోజులు రిడెంప్షన్, అంటే పేరును తిరిగి తీసుకునే గడువు, అప్పుడు రుసుము చాలా ఎక్కువ. ఆ తర్వాత 5 రోజులు పెండింగ్ డిలీట్, అప్పుడిక మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. అయితే మంచి పేర్లు ఇంతదాకా రావు. చాలా కంపెనీలు గడువు దాటిన పేర్లను ముందే వేలం వేస్తాయి. 2018 ఫిబ్రవరిలో బీసీసీఐ వెబ్‌సైటే డొమైన్ రెన్యూ కాక ఆగిపోయింది. మన దుకాణం పేరు మాత్రం గుర్తుంటుందని ఏం భరోసా?

ఆటో రెన్యూవల్ ఆన్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. 2021 అక్టోబరు నుంచి కార్డు నుంచి దానంతటదే డబ్బు కట్ కావాలంటే ఆర్బీఐ ఈ-మ్యాండేట్ నియమం ప్రకారం ముందు అనుమతి నమోదై ఉండాలి. విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర మన కార్డులు ఇక్కడే ఫెయిల్ అవుతాయి. ఆటో రెన్యూవల్ ఆన్‌లోనే ఉంచి, చేత్తో కూడా మూడు నుంచి ఐదేళ్లకు కట్టేయండి. డాట్ కామ్‌కు ఒకేసారి 10 ఏళ్ల దాకా కట్టొచ్చు. కట్టాక లుకప్‌లో కొత్త గడువు తేదీ కనిపించాలి. రసీదు వచ్చింది గానీ తేదీ మారలేదంటే డొమైన్‌కు కాక హోస్టింగ్‌కు కట్టారేమో చూసుకోండి.

7. డీఎన్ఎస్ రికార్డులు

డొమైన్‌ను కదిలించకుండానే సైటును దారి మళ్లించొచ్చు. నేమ్ సర్వర్ మారిస్తే చాలు, మీ కస్టమర్ కట్టే డబ్బు ఇంకొకడి క్యూఆర్ కోడ్‌కు పోతుంది. మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మారిస్తే మీ మెయిళ్లన్నీ వాడికే.

డీఎన్ఎస్ పేజీలో ఎక్స్‌పోర్ట్ ఉంటే జోన్ ఫైలు (రికార్డులన్నీ ఉన్న ఫైలు) దించుకోండి. లేకపోతే ఏ, సీనేమ్, ఎంఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులన్నీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. డీఎన్ఎస్ క్లౌడ్‌ఫ్లేర్ లాంటి వేరే చోట ఉంటే ఆ అకౌంట్‌కూ టూ స్టెప్ కావాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

మానేసిన సర్వీసులను చూపించే సీనేమ్‌లు (ఒక పేరును ఇంకో పేరుకు మళ్లించే రికార్డులు) తీసేయండి. మేడారం జాతర సమయంలో రూముల బుకింగ్‌కని ఒక సబ్‌డొమైన్ (మీ డొమైన్ ముందు ఇంకో మాట చేర్చిన పేరు) పెట్టి, జాతర అయ్యాక ఆ సర్వీసు ఆపేసి, రికార్డును అలాగే వదిలేశారనుకోండి. ఆ సర్వీసులో అదే పేరును వేరేవాడు తీసుకుంటే మీ డొమైన్ మీద వాడి పేజీ కనిపిస్తుంది.

8. వచ్చే ఫోన్లు, మెయిళ్లు

"24 గంటల్లో డొమైన్ రద్దవుతుంది" అన్న మెయిల్ వస్తే అందులో లింకు నొక్కకండి. రిజిస్ట్రార్ అడ్రసు మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి. నిజమైతే నోటీసు లోపల కూడా ఉంటుంది. చైనాలో ఎవరో మీ పేరు నమోదు చేస్తున్నారనో, డొమైన్ సెర్చ్ లిస్టింగ్ బిల్లు అనో వచ్చేవి డబ్బు గుంజే ఎత్తులు. మీ పేరును లక్షలకు కొంటాం, ముందు విలువ సర్టిఫికెట్ తీసుకోండి అనేదీ అంతే. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరు వాడు దూరం నుంచి మీ ఫోన్ చూడనిచ్చే ఎనీడెస్క్ యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. ఆథ్ కోడ్ ఎవరడిగినా, ట్రాన్స్‌ఫర్ మీరే మొదలుపెట్టి ఉంటే తప్ప చెప్పొద్దు.

సరిగ్గా చేశారో లేదో ఇలా చూసుకోండి

వేరే ఫోన్‌లో, లేదా ఇన్‌కాగ్నిటోలో రిజిస్ట్రార్ సైటు తెరిచి లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ తర్వాత కోడ్ అడగాలి. అడగకపోతే టూ స్టెప్ సేవ్ కాలేదు. తర్వాత ఫర్గాట్ పాస్‌వర్డ్ నొక్కండి. రీసెట్ మెయిల్ ఎక్కడికి వచ్చిందో చూడండి, సగం దాచి చూపించే నంబరు చివరి అంకెలు మీవేనా సరిపోల్చండి. పాత డిజైనర్ నంబరు బయటపడేది చాలాసార్లు ఇక్కడే. బ్యాకప్ కోడ్ ఒకటి నిజంగా వాడి చూసి, కాగితం మీద దాన్ని కొట్టేయండి.

నెలకొకసారి లుకప్ చేసి 1వ మెట్టులో దాచిన పీడీఎఫ్‌తో పోల్చండి. సైటు తెరుచుకుంటోంది కదా అన్నది రుజువు కాదు. పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషకు చెందిన పెర్ల్ డాట్ కామ్ 2021 జనవరిలో దారి మళ్లింది. తర్వాత ఆరా తీస్తే అకౌంట్ 2020 సెప్టెంబరులోనే పోయిందని, డిసెంబరులో వేరే రిజిస్ట్రార్‌కు మారిందని తేలింది. అన్నాళ్లూ నేమ్ సర్వర్లు మార్చలేదు కాబట్టి సైటు మామూలుగానే నడిచింది. ఫిబ్రవరి మొదట్లో తిరిగి దక్కింది. లుకప్‌లో రిజిస్ట్రార్ పేరు చూసి ఉంటే డిసెంబరులోనే తెలిసేది.

పాత ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చే ముందు ఆథెంటికేటర్‌ను కొత్త ఫోన్‌కు మార్చి, అక్కడి కోడ్‌తో ఒకసారి లాగిన్ అయ్యాకే పాతది ఇవ్వండి. ఇంట్లో ఇంకొకరికి ఆ బీరువా కాగితాల సంగతి చెప్పి ఉంచండి.

ఇప్పటికే పోతోందనిపిస్తే

మీరు అడగని ట్రాన్స్‌ఫర్ నోటీసు వస్తే గడియారం మొదలైనట్టే. సాధారణంగా ఐదు రోజుల్లో మీరు వద్దనకపోతే ఒప్పుకున్నట్టు లెక్కేసి డొమైన్ పంపేస్తారు. లింకు నొక్కకుండా అకౌంట్‌లోకి వెళ్లి తిరస్కరించండి, సపోర్టుకు ఫోన్ చేయండి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి.

వెళ్లిపోయి ఉంటే ముందు మెయిల్‌ను స్వాధీనం చేసుకోండి. తర్వాత పాత రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, కొత్త రిజిస్ట్రార్‌ను ట్రాన్స్‌ఫర్ ఎమర్జెన్సీ యాక్షన్ కాంటాక్ట్ ద్వారా సంప్రదించమని అడగండి. రిజిస్ట్రార్లు మాత్రమే వాడుకునే దారి ఇది, అవతలి వాళ్లు 4 గంటల్లో స్పందించాలి. సపోర్టులో మొదట మాట్లాడేవాళ్లకు ఇది తెలియకపోవచ్చు, పేరు పెట్టి అడగండి. రిజిస్ట్రార్ పట్టించుకోకపోతే ఐకాన్ సైటులో ట్రాన్స్‌ఫర్ ఫిర్యాదు ఫారం ఉంది.

అదే రోజు సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కస్టమర్ల డబ్బు పోతుంటే 1930కు ఫోన్ చేయండి. తర్వాత ఆ ఫిర్యాదు నంబరు పట్టుకుని వరంగల్ కమిషనరేట్‌లోని సైబర్ క్రైమ్ స్టేషన్‌కో, మీ జిల్లా పోలీసుల దగ్గరికో వెళ్లండి. ఐటీ చట్టంలో 66సీ, 66డీ సెక్షన్లు ఇలాంటి వాటికే. కొన్న బిల్లులు, పాత రిజిస్ట్రార్ మెయిళ్లు, దాచుకున్న పీడీఎఫ్‌లు, జీఎస్టీ పత్రం తీసుకెళ్లండి. అనుమానం వచ్చిన మెయిళ్లను ప్రింటు మాత్రమే తీసి డిలీట్ చేయకండి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే హెడర్లు అసలు మెయిల్‌లోనే ఉంటాయి.

యూడీఆర్పీ, డాట్ ఇన్‌కు ఐఎన్‌డీఆర్పీ అనే వివాద విధానాలు ఉన్నాయి గానీ అవి ముఖ్యంగా ట్రేడ్‌మార్క్ గొడవల కోసం. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఒక డొమైన్ కేసుకు రుసుమే 1500 డాలర్లు. రిజిస్ట్రార్ దారి మూసుకుపోయాకే అటు చూడండి. అప్పుడు మీ పేరుకు ట్రేడ్‌మార్క్ నమోదు ఉంటే వాదన చాలా సులువవుతుంది.